ముతవల్లీ లేని వంతెనలు



మా ఖాలా వారానికి మూడుసార్లు సంతబొమ్మాళి దగ్గరి పల్లె నుంచి టెక్కలి వెళ్తుంది, డయాలసిస్‌కి. ఉద్దానం చుట్టుపక్కల ఇళ్ళలో ఈ ప్రయాణం గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. దారిలో ఒక గెడ్డ, దాని మీద చిన్న వంతెన. ఒకవైపు పిట్టగోడ 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి పోయింది. ఇప్పుడక్కడ రెండు తాటిదుంగలు, వాటికి కట్టిన ఒక ఎర్రగుడ్డ ఉన్నాయి. ఆ గుడ్డ కట్టింది సర్కారు కాదు, మా ఖాలూ. అది ఆయన పాత తువ్వాలు. వంతెన దగ్గరికి రాగానే ఆటో అబ్బాయి సింహాద్రి అప్పన్నను తలుచుకుంటాడు, ఖాలా బిస్మిల్లా అంటుంది. ఇద్దరి దువాలూ కబూల్ అవుతూ ఇప్పటిదాకా గడుస్తోంది.

పోయిన ఏడాది వెళ్ళినప్పుడు నేను ఆటో ఆపించి గెడ్డలోకి దిగి చూశాను. నేను ఇంజనీర్‌ని కాను. కానీ కళ్ళున్నవాడెవడికైనా కనిపించే సంగతులు కొన్ని ఉంటాయి. పక్కగోడ సందులో రావిమొక్క మొలిచి నా మోకాలెత్తు పెరిగింది. వాననీళ్ళు పోవాల్సిన గొట్టాలు మట్టితో మూసుకుపోయాయి. స్లాబు అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఇనుపచువ్వలు ఎర్రగా తుప్పు పట్టి కనిపిస్తున్నాయి. నౌపడా ఉప్పుమళ్ళు దగ్గరే. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగితే చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి తోసేస్తుంది. పెచ్చు ఊడాక ఉప్పుకి దారి ఇంకా సులువు. మొక్క పీకడానికి ఒక మనిషి, గొట్టాలు పొడవడానికి ఒక గునపం, పెచ్చులు గీకి పూత వేయడానికి కొన్ని బస్తాల సిమెంటు చాలు. చాలనే అనుకున్నాను.

ఈ పుల్ ఎవరిది అని అడగడానికి వెళ్ళాను. ఏ దఫ్తర్లో ఏమన్నారో పేర్లు పెట్టి చెప్పను, ఎవరినీ బద్నామ్ చేయడం నా ఉద్దేశం కాదు. ఒకచోట రోడ్డు మాది కాదన్నారు. రెండోచోట రోడ్డు మాదే, నీళ్ళ మీద కట్టింది కాబట్టి వంతెన నీటిపారుదల వాళ్ళదై ఉండాలన్నారు. మూడోచోట అది కాలువ కాదు, గెడ్డ, గెడ్డలతో మాకు సంబంధం లేదన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఒకచోట చాయ్ కూడా ఇచ్చారు. బయటికొచ్చాక ఖాలూ అన్నాడు: "అంటే ఇది లావారిస్ అన్నమాట."

ఆ మాట నన్ను వదల్లేదు. లావారిస్ అంటే వారసులు లేనిది. వంతెన లావారిస్ ఎలా అవుతుంది? ఎవరో కట్టారు, ఎవరో మంజూరు చేశారు, ఏదో ఖజానా నుంచి పైసలు వచ్చాయి. ఆ తీగ పట్టుకుని తారీఖులోకి వెళ్ళాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను.

ముందు మన జిల్లాలోనే జరిగిన వాఖియా చెప్తాను. 2023 మే 3, పొద్దున్నే, ఇచ్ఛాపురంలో బాహుదా నది మీది పాత వంతెన కూలిపోయింది. గ్రానైట్ రాయి మోసుకెళ్తున్న లారీ దాని మీద ఉంది. లారీ బరువు సుమారు 70 టన్నులని వార్తల్లో వచ్చింది. అల్లా దయ, ప్రాణాలు పోలేదు. ఆ వంతెన కట్టింది 1929లో.

1929 అంటే ఏమిటో ఆలోచించండి. అప్పుడు ఇచ్ఛాపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది. టెక్కలి, పలాస, శ్రీకాకుళం అన్నీ గంజాంలోనే. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరు రాష్ట్రమైంది, ఈ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాకి వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది. 1953లో మద్రాసు పోయి ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో మళ్ళీ విభజన. వంతెన ఉన్నచోటే ఉంది. దాని కాగితాలు మాత్రం ఛత్రపురం, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు, కర్నూలు, హైదరాబాద్, అమరావతి అంటూ ఒక కచేరీ నుంచి ఇంకో కచేరీకి మారుతూ పోవాలి. ఎన్ని కాగితాలు దారిలో రాలిపోయి ఉంటాయో! పైగా జాతీయ రహదారులు ఊళ్ళ బయటికి జరిగినచోటల్లా పాత దారి వంతెనల హోదా పడిపోతుంది. హోదాతో పాటు దాని మీద పెట్టే ఖర్చూ తగ్గుతుంది. ఎక్కే లారీలు మాత్రం అవే.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేను. పాత తెలుగు కాగితాల్లో 'మరామత్తు ఇలాకా' అని చూస్తాం. మనం ఇంట్లో మరమ్మత్ అనే అరబ్బీ మాటే అది. 19వ శతాబ్దం తొలి సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువులు, కాలువలు బాగుచేయించే శాఖను దొరలు కూడా మరామత్తు అనే పిలిచారు. 1850ల్లో అది పోయి పబ్లిక్ వర్క్స్ వచ్చింది. మన కాలానికి రోడ్లు భవనాల శాఖ అయింది. పేరులోంచి మరమ్మతు పోయింది. పేరు మారితే పని మారుతుందని నేననను. కానీ బాగుచేయడమే పనిగా, అదే పేరుగా ఒక శాఖ మన గడ్డ మీద ఉండేదని తెలిసినప్పుడు కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. శ్రీకాకుళాన్ని కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్లు ఏలిన రోజుల్లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ ఉంది కదా, 1641 నాటిది. ఇవాళ్టికీ అక్కడ నమాజ్ జరుగుతోంది. దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఒక ఇమారత్ ఎలా నిలబడుతుంది? పాలకులు వరసగా మారారు. కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాం, 1753 నుంచి కొన్నాళ్ళు ఫ్రెంచివాళ్ళు, ఆ తర్వాత కంపెనీ. మస్జిద్‌కి మాత్రం ప్రతి కాలంలో జవాబు చెప్పే మనిషి ఒకడు ఉంటాడు. అతన్నే ముతవల్లీ అంటాం.

వక్ఫ్ అంటే మస్జిద్, దర్గా, ఖబ్రస్తాన్ అని మాత్రమే మనకు అలవాటైపోయింది. పాత దునియాలో బావులు, సరాయిలు, వంతెనలు కూడా వక్ఫ్ అయ్యేవి. ఇబ్నె బతూతా 1326లో దమిష్క్ వెళ్ళినప్పుడు అక్కడ దారులు బాగుచేయడానికీ, రాళ్ళు పరచడానికీ విడిగా వక్ఫ్‌లు ఉన్నాయని రాశాడు. మన హనఫీ ఫిఖహ్‌లో ఒక ఉసూల్ ఉంది, వినండి. వక్ఫ్ ఆమదనీలో మొదటి హక్ ఆ వక్ఫ్ మరమ్మతుది. రాసిచ్చినవాడు దస్తావేజులో ఆ షరతు పెట్టకపోయినా సరే. ముందు ఇమారత్ నిలబెట్టు, తర్వాతే హక్‌దార్లకు పంచు. మదర్సా వక్ఫ్ అయితే ముదర్రిస్ జీతం కంటే ముందు కారుతున్న కప్పు. ఫుఖహా ఎంత లోకజ్ఞానం ఉన్నవాళ్ళో చూడండి. మరమ్మతుని మనిషి మంచితనానికి వదిలేస్తే ఎప్పుడూ రేపటికి వాయిదా పడుతుందని వాళ్ళకు తెలుసు.

మన వక్ఫ్‌లన్నీ ఈ ఉసూల్ ప్రకారం నడిచాయని చెప్తే అబద్ధమవుతుంది. దుకాణాల కిరాయి తిని మస్జిద్ గోడలు కూలనిచ్చిన ముతవల్లీలు మనకు తక్కువేం కాదు. కానీ అక్కడ వేలెత్తి చూపడానికి ఒక మనిషి ఉంటాడు. మా గెడ్డ వంతెనకు ఆ వేలు ఎటు చూపాలో తెలీదు.

హైదరాబాద్ పురానా పుల్ కూడా ఇదే చెప్తుంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో మూసీ మీద కట్టించాడు. ప్రేమకథ సంగతి అందరూ చెప్తారు, మరమ్మతుల సంగతి ఎవరూ చెప్పరు. 1820 వరదలో దెబ్బతింటే సికందర్ జా బాగుచేయించాడు. 1908 తుఘ్యానీ తర్వాత మహబూబ్ అలీ ఖాన్ హయాంలో మళ్ళీ బాగుచేశారు. గట్టిగా కట్టడం ఒకటే కాదు, దెబ్బ తిన్న ప్రతిసారీ ఎవరో ఒకరు మాది అనుకోవడం దాన్ని నిలబెట్టింది.

మళ్ళీ మన తీరానికి వస్తాను. కంపెనీ వాళ్ళకు ఇటు రోడ్ల మీద మొదట్లో పెద్ద ధ్యాస లేదు. సరుకు ఓడల మీద పోయేది, కళింగపట్నం, బారువ రేవులుండేవి. తర్వాత మద్రాసు, కలకత్తా ట్రంకు రోడ్డు మీద వంతెనలు లేచాయి. శ్రీకాకుళంలో నాగావళి మీది కమానుల వంతెన అలాంటిదే. 1876 వరదలో దాని ఆరు కమానులు కొట్టుకుపోయాయి. కొట్టుకుపోయినదాన్ని కట్టడానికి పైసలు ఎక్కడివి?

1866లో మద్రాసు సర్కారు రోడ్డు సెస్సు చట్టం చేసింది, భూమి మీద రూపాయికి అర్ధణా. 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చి దాన్ని రూపాయికి ఒక అణా దాకా పెంచుకునే వీలిచ్చింది. 1884లో లోకల్ బోర్డులు, అంటే జిల్లా బోర్డు, తాలూకా బోర్డు వచ్చాయి. సెస్సుతో పాటు దారుల మీద టోల్ గేట్లు పెట్టి, వాటిని ఏటా వేలం వేసి గుత్తాకి ఇచ్చేవారు. సంతలో ఆశీలు ఎలాగో దారిలో టోల్ అలాగ. ఆశీలు కూడా మన హాసిల్ నుంచే వచ్చింది. పేరులోనే సంత ఉన్న ఊరివాళ్ళకు ఆశీలు పాటల గురించి నేను చెప్పాలా?

టోల్ గేటు మంచి రోజులని ఎవరూ భ్రమపడొద్దు. ఎడ్లబండివాడు ప్రతి గేటు దగ్గరా ఆగాలి, గుత్తాదారు మనిషి బండి పైనుంచి కిందిదాకా చూడాలి, బేరమాడాలి. ఆ జులుం తట్టుకోలేకనే జనం టోల్ ఎత్తేయమన్నారు. మోటార్లు వచ్చాక గేట్లు మరీ అడ్డమయ్యాయి. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం చేసి టోళ్ళు ఎత్తేశారు. పోయిన ఆమదనీకి బదులుగా బోర్డులకు మోటారు పన్నులోంచి పరిహారం ఇస్తామన్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 1929లో, జయకర్ కమిటీ సిఫార్సుతో గ్యాలను పెట్రోలు మీద రెండణాలు అదనంగా వేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. అంటే బాహుదా వంతెన కట్టిన ఏడాదే.

వంతెన నడిపే సొమ్ము అంతకుముందు అదే దారి మీద, అదే జిల్లా బోర్డు కచేరీలో వసూలయ్యేది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని మీటింగులో ఒక మెంబరు లేచి అడగగలిగేవాడు. ఆ తర్వాత సొమ్ము పెద్దదైంది, దూరమూ అయింది. మద్రాసుకో ఢిల్లీకో పోయి, అక్కడి నుంచి మళ్ళీ కిందికి రావాలి. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి. జిల్లా బోర్డుల స్థానంలో 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. టోల్ ఎత్తేయడం తప్పని నేననను. దాన్ని ఎత్తేసినప్పుడు వంతెనకూ ఆమదనీకీ మధ్య తెగిన ముడిని మళ్ళీ ఎవరూ వేయలేదని మాత్రం అంటాను.

ముడి తెగనిచోట ఏం జరిగిందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, నౌపడా స్టేషన్ దాకా వెళ్తే చాలు. అక్కడి నుంచి పర్లాకిమిడి రాజావారు 1900లో నేరోగేజి లైను వేశారు, ఇప్పుడది బ్రాడ్‌గేజి అయి గుణుపురం పోతుంది. రైలు వంతెన ఎంత చిన్నదైనా దాని మీద ఒక నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరుకి రిజిస్టరులో ఒక పేజీ ఉంటుంది. వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక వివరంగా ఇంకోసారి తనిఖీ చేసి అందులో రాస్తారు. 1924లో రైల్వే లెక్కలను సర్కారు మామూలు లెక్కల నుంచి విడదీసినప్పుడే అరుగుదల నిధి అని ఒకటి పెట్టారు. వస్తువు ఏటా కొంత అరుగుతుంది కాబట్టి ఆమదనీలోంచి ఏటా కొంత తీసిపెట్టాలి, సంగతి అంతే. ఇదీ మన ఫుఖహా చెప్పిన ఉసూలే కదా! అదే నేల, అదే ఉప్పుగాలి, అదే వాన. పట్టాల కింది వంతెనకు నంబరుంది, ఖాలా ఆటో దాటే వంతెనకు లేదు.

ఇప్పటి సర్కార్ల దగ్గర పైసలు లేవని అనుకుంటాం. కట్టడానికి ఉన్నాయి. నాబార్డులో 1995 నుంచి గ్రామీణ మౌలిక వసతుల నిధి ఉంది, పల్లె వంతెనలకు రాష్ట్రాలు దాంట్లోంచి అప్పు తెచ్చుకుంటాయి. 2000 డిసెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఉంది. రెండిటితో మన జిల్లాల్లో ఎన్నో ఊళ్ళకు దారి పడింది, ఆ మేలు కాదనను. కానీ నాబార్డు అప్పు కొత్తది కట్టడానికే, పాతది చూసుకోవడానికి కాదు. సడక్ యోజనలో కట్టిన కాంట్రాక్టరే ఐదేళ్ళు చూడాలన్న మంచి షరతుంది, ఆరో ఏడాది అది రాష్ట్రం నెత్తిన పడుతుంది. పంచాయతీలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేశారు. మిగతా 40 శాతంలోంచే అన్నీ చూసుకోవాల్సి వచ్చింది.

ఈ హిసాబ్ ఒక్కసారి అర్థమైతే మనకు చాలా సంగతులు తెలుస్తాయి. సర్కారు లెక్కల్లో కొత్తది కట్టడం పెట్టుబడి, మరమ్మతు మామూలు ఖర్చు. పెట్టుబడికి అప్పు పుడుతుంది, శంకుస్థాపన ఉంటుంది, పలక మీద పేరు ఉంటుంది. రావిమొక్క పీకితే ఏ పలక పెడతారు? కాబట్టి మొక్క పీకాల్సిన వంతెన మొక్క పీకే దశలో ఎవరికీ కనపడదు. అది కూలిపోయే దశకు వస్తేనే పెట్టుబడి పనిగా మారి మంజూరవుతుంది. దీనికి ఏ ఒక్క ఇంజనీరునో తిట్టి లాభం లేదు, లెక్క రాసే పద్ధతే అలా ఉంది. ఇంట్లో కప్పు కారుతుంటే పెంకు మార్చడానికి పైసలివ్వని బ్యాంకు, ఇల్లు కూలితే హోమ్ లోన్ ఇస్తాననడం లాంటిది.

బయటి దునియా కూడా దెబ్బ తిన్నాకే నేర్చుకుంది. అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబర్‌లో సాయంత్రం రద్దీలో కూలి 46 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడ ప్రతి వంతెననూ లెక్కపెట్టి, మామూలుగా రెండేళ్ళకోసారి చూడాలన్న నియమం వచ్చింది. మన దేశంలో మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది వంతెన 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో పోయింది, రెండు బస్సులు నీళ్ళలో కలిశాయి. అది 1928 నాటిది, మన బాహుదా వంతెనకు ఒక ఏడాది పెద్దది. అదే ఏడాది అక్టోబర్‌లో కేంద్రం వంతెనల లెక్క ఒకటి విడుదల చేసింది. కానీ ఆ లెక్క జాతీయ రహదారులకే. గెడ్డల మీది వంతెనలు ఆ దఫ్తర్లోకీ ఎక్కలేదు.

బరువు సంగతి కూడా చెప్పాలి. 1929లో వంతెన కట్టినవాళ్ళు ఎడ్లబండ్లను, ఆ కాలపు చిన్న మోటార్లను చూసి కట్టారు. టెక్కలి నీలి గ్రానైట్‌కి దేశదేశాల్లో పేరుంది, ఆ దిమ్మలు లారీల మీద మన దారుల్లోంచే పోతాయి. 2018 జులైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితిని 20 నుంచి 25 శాతం దాకా పెంచింది. ఇది చట్టబద్ధమైన బరువు సంగతి, పైన ఎక్కించేది వేరు. లారీల బరువు పరిమితి ఒక్క నోటిఫికేషన్‌తో పెరుగుతుంది. కింది వంతెన బలం అలా పెరగదు కదా!

మూలపేటలో పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది, మన సంతబొమ్మాళి మండలంలోనే. రేపు అక్కడికి పోయే బరువులకు పెద్ద రోడ్లు వేస్తారు, అది నిజమే. పెద్ద రోడ్డు జామ్ అయినప్పుడు, వేబ్రిడ్జి తప్పించుకోవాలన్నప్పుడు లారీ ఏ పల్లె దారి పడుతుందో మా ఖాలూని అడగండి.

నాకు న్యాయంగా తోచేది ఒకటుంది. బరువు దేని మీద పోతోందో, ఆ బరువు మీద వచ్చే ఆమదనీలో దానికి హక్ ఉండాలి. గనుల నుంచి జిల్లా మినరల్ ఫౌండేషన్‌కి సొమ్ము జమ చేయాలని 2015లో చట్టం సవరించారు. అందులో కొంత భాగం రోడ్లు, వంతెనల లాంటి పనులకు వాడుకోవచ్చని రూల్సే చెప్తున్నాయి. 2020 సెప్టెంబర్ నుంచి మన రాష్ట్రంలో లీటరు పెట్రోలు, డీజిల్ మీద రూపాయి రోడ్డు సెస్సు ఉంది. మా ఖాలా ఆటోలో పోసే పెట్రోలులోనూ ఆ రూపాయి ఉంది. అంటే ఆమె ఇప్పటికీ టోల్ కడుతూనే ఉంది, వారానికి మూడు రోజులు, రానూపోనూ. ఆ రూపాయిలో ఒక పైసా ఆమె దాటే వంతెనకు చేరే దారి కావాలి. చేరాలంటే ముందు ఆ వంతెనకొక నంబరు, పేరు, జవాబ్దారీ ఉన్న దఫ్తరు కావాలి. పైసల కంటే ముందు రిజిస్టరు.

హజ్రత్ ఉమర్ (రజి) మాట ఖుత్బాల్లో విని ఉంటారు. ఫరాత్ ఒడ్డున ఒక జంతువు కాలుజారి పడినా, దారి ఎందుకు చదును చేయలేదని అల్లా నన్ను అడుగుతాడేమోనని ఆయన భయపడేవారట. ఎక్కడి మదీనా, ఎక్కడి ఫరాత్! అంత దూరం దారికి నేను జవాబుదారీ అనుకున్న ఖలీఫా ఆయన. ఇక్కడ గెడ్డకు పావుగంట దూరంలో మూడు దఫ్తర్లున్నాయి.

పోయిన నెల మామూ కొడుకు, నేను టేపు పట్టుకుని ఆ వంతెన కొలిచాం. పొడవు, వెడల్పు, పోయిన పిట్టగోడ ఎన్ని అడుగులో, చువ్వలు ఎక్కడెక్కడ బయటపడ్డాయో ఒక నోటుబుక్కులో రాసుకున్నాం, ఫోటోలు తీశాం. రావిమొక్కను మేమే పీకాం. వేరు సగం లోపలే తెగిపోయింది, అది మళ్ళీ వస్తుంది. గొట్టాలు ఆరుంటే నాలుగు తెరుచుకున్నాయి. ఆటో అబ్బాయి వచ్చి చూసి, సెలవురోజు తనూ గునపం తెస్తానన్నాడు. అర్జీ మూడు దఫ్తర్లలోనూ ఇచ్చాను, మూడు రసీదులూ ఖాలా డయాలసిస్ ఫైలులో పెట్టుకుంది. అక్టోబర్ తుఫానులకు ఇంకా టైముంది. ఖాలూ ఎర్రగుడ్డ మార్చాడు, ఎండకు పాతది తెల్లబడిపోయింది.